మేము సున్నం వేయించాను

మూడో తేదీ

ప్రియమైన పెద్దటీచరక్కకు,

చిన్నటీచరు నమస్కారాలు. పిల్లలు పెట్టిన ఆ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇక్కడ నన్ను మూడో అంతస్తు ఆవిడ అంటారు. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే "మూడో అంతస్తేనా?" అని అడుగుతారు. అవునంటాను. ఆ రోజుకు నా మాటలు అక్కడితో సరి.

పొద్దున్న ఆరింటికే ఆయన ఓడరేవుకు వెళ్ళిపోతారు. క్రేన్ నడిపే మనిషి పైన గాజుగదిలో ఒక్కడే ఉంటాడు కదా, మాట్లాడే పని ఉండదు. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు వదల్లేదు. పన్నెండేళ్ళు ఆయన ఇక్కడ, నేనక్కడ ఉత్తరాలతోనే కాపురం చేశాం. ఆ ఉత్తరాల్లో గలగలా మాట్లాడేవారు. ఒకసారి కోపమొచ్చి, పక్కగదిలో కూర్చుని నాకొక ఉత్తరం రాయమన్నాను.

తొమ్మిదిన్నర కాగానే చెవులు గంట కోసం చూస్తాయి. మొన్న ఎదురు మేడలో ఎవరో పాప ఎక్కాలు చదువుతూ ఏడెనిమిదులు యాభై నాలుగు అంది. నేను కిటికీలోంచి "యాభై ఆరు" అని గట్టిగా చెప్పాను. వాళ్ళమ్మ వచ్చి కిటికీ మూసేసింది.

తల్లిదండ్రులకు పంచే ఏడాది కాగితం రాసే రోజులు వచ్చాయి కదా. పందొమ్మిదేళ్ళు మీరు రాశారు, నేను దిద్దాను. దూరంగా ఉన్నానని ఆ పని నా చేతిలోంచి లాగేసుకోకండి. మార్కుల ఊసెత్తకుండా పిల్లలందరి గురించీ తలా ఒక వాక్యం రాయడం మీకొక్కరికే చేతనవును. చిత్తుప్రతి పంపండి, ఎర్ర సిరా కొని పెట్టుకున్నాను.

ఇంకో సంగతి. నా ఏడాది సెలవు నెలాఖరుకు పూర్తవుతుంది. తిరిగి చేరతానో, మానేస్తానో రాసి పంపమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏం రాయాలో తెలియడం లేదు. నా బదులు వచ్చిన కొత్త మాస్టారు ఎలా ఉన్నారు? ఎన్నిసార్లడిగినా "బాగున్నాడు" అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఆయన వచ్చి చేరాడని మీరు చెప్పబట్టే కదా నేను ధైర్యంగా రైలెక్కింది. ఈసారి కాస్త వివరంగా రాయండి.

ప్రేమతో,
మీ చిన్నటీచరు


పదో తేదీ

ప్రియమైన చిన్నటీచరుకి,

నీ ఉత్తరం చూసి చాలా నవ్వుకున్నాను. ఆ పాపకు ఏడో ఎక్కం వచ్చేదాకా ఆ కిటికీ దగ్గర నుంచి కదలకు. ఊరు మారినంత మాత్రాన ఉద్యోగధర్మం మారదు.

నేను కులాసాగానే ఉన్నాను. గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. డాక్టరు నెలరోజులు మాట్లాడటం తగ్గించమన్నాడు. నేను ఏం పని చేస్తానో ఆయనకు తెలియదు పాపం.

కొత్త మాస్టారి గురించి అడిగావు. పొడుగ్గా ఉంటాడు. నెమ్మదస్తుడు. పిల్లలు బాగా అలవాటుపడ్డారు. ఆయన లెక్కలు చూసుకుంటాడు, నేను మిగతావి చూసుకుంటాను. ఇంతకు మించి రాయడానికి ఆయనేమన్నా పెళ్ళికొడుకా?

కాగితం దీనితోపాటు పెడుతున్నాను. మొదలు ఇలా పెట్టాను, చూడు:

"ఈ ఏడాది మేము నలభై ఒక్కమందితో మొదలుపెట్టి నలభై ఒక్కమందితోనే ముగించాము. వానలకు రెండో గది కప్పు కారితే అయిదు తరగతులనూ పదిరోజులు ఒక్క గదిలోనే కూర్చోబెట్టాము. సెలవులకు ముందు మేము గోడలకు సున్నం వేయించాను. రెండో తరగతి ఎందుకమ్మ మూడువందల ప్రశ్నలు అడిగింది. అందులో ఇరవైకి మేము జవాబు చెప్పలేకపోయాము. కవలల్లో ఒకడు బడికి రాకపోతే రెండోవాడు ఇద్దరి హాజరూ పలకడం మానేశాడు. దర్జీ గారి చిన్నది పుస్తకం చేతిలో పెట్టుకుని, వణక్కుండా, ఒక పేజీ మొత్తం పైకి చదివింది."

మిగతావాళ్ళంతా లోపల ఉన్నారు. ఎవరినైనా వదిలేశానేమో లెక్క చూడు.

నువ్వు రావాలా, వద్దా అన్నది మాత్రం నన్నడగకు. పన్నెండేళ్ళ తర్వాత మొగుడూ పెళ్ళాలు ఒక కప్పు కింద చేరారు. అక్కడ నువ్వు సుఖంగా ఉంటే అంతకంటే కావలసిందేముంది. ఇక్కడ అన్నీ సవ్యంగా సాగుతున్నాయి. ఎవరికీ ఏ లోటూ లేదు.

ఆశీస్సులతో,
పెద్దటీచరు


పదిహేడో తేదీ

ప్రియమైన అక్కకు,

కాగితం దిద్ది వెనక్కి పంపుతున్నాను. పిల్లల లెక్క సరిపోయింది. దర్జీ గారి చిన్నది చదివిందంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దాని పక్కన కూర్చుని నేను రెండేళ్ళు గుణింతాలు దిద్దించాను. చివరికి నోరు విప్పిన రోజు నేను లేను.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ కాగితంలో పదకొండు చోట్ల "మేము" అని ఉంది. నా మొదటి ఏడాది నేను "మేము" అని రాస్తే మీరే కొట్టేసి "మనం" అని పెట్టారు. "బడి కాగితం చదివే తల్లికి తనూ అందులో ఉన్నట్టుండాలి, మేము అన్నావంటే ఆమె ముఖం మీద తలుపేసినట్టే" అన్నారు. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళలో మన కాగితంలో ఆ మాట ఒక్కసారి రాలేదు.

ఇప్పుడు ఈ మేము ఎవరక్కా? మీరూ, ఆ పొడుగాయనా. తల్లులు బయట, తండ్రులు బయట, వాళ్ళతోపాటు నేనూ బయట. ఏడాది తిరక్కుండానే ఇంత దూరం పెడతారనుకోలేదు. తప్పు మీది కాదులెండి. రోజూ పక్కన పనిచేసే మనిషే మనకు మనం అవుతాడు.

మరో చిన్న తప్పు. "మేము గోడలకు సున్నం వేయించాను" అని ఉంది. కర్త ఒకటి, క్రియ ఒకటి. "ను" కొట్టేసి "ము" పెట్టాను. తొందరలో రాసినట్టున్నారు.

అన్నీ సవ్యంగా సాగుతున్నాయి, ఏ లోటూ లేదు అన్నారు కదా. అందుకే రాజీనామా రాసి ఇందులోనే పెడుతున్నాను. ప్రధానోపాధ్యాయురాలి సంతకంతోనే పైకి వెళ్ళాలని నిబంధన. సంతకం పెట్టి పంపించండి. కొత్త మాస్టారికి ఆ ఉద్యోగం ఖాయమైతే మంచిదే.

ఇట్లు,
మీ చిన్నటీచరు


మరుసటి నెల, ఎనిమిదో తేదీ

ప్రియమైన చిన్నటీచరుకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. నీ రాజీనామా అందాక మూడు రోజుల్లో పైకి పంపాలి. నేను తొమ్మిది రోజులు హాజరుపట్టీ కింద దాచాను. నీ సెలవు ఆఖరి రోజున సంతకం పెట్టి పంపించాను. ఆమోదించినట్టు నిన్న కాగితం వచ్చింది. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. అందుకే ఇవాళ రాస్తున్నాను.

కొత్త మాస్టారు లేడు. ఎప్పుడూ లేడు.

నువ్వు వెళ్ళే నెలలో నేను ఆఫీసు చుట్టూ తిరిగాను. సెలవులో ఉన్న టీచరు బదులు ఎవరినీ వేయలేమన్నారు. ఆ మాట నీకు చెబితే నువ్వు పెట్టె విప్పేసి ఉండేదానివి. పన్నెండేళ్ళుగా నువ్వు పోస్టుమాన్ సైకిల్ చప్పుడుకు పాఠం ఆపేయడం చూసినదాన్ని నేను. అందుకే ఒక మనిషి వచ్చి చేరాడని చెప్పాను. పొడుగు కూడా నేనే ఇచ్చాను.

రెండు గదుల మధ్య గడప మీద నిలబడి ఈ గదికి లెక్కలు, ఆ గదికి పద్యాలు చెప్పాను. ఈ పక్క చూస్తే ఆ పక్క గోల, ఆ పక్క చూస్తే ఈ పక్క గోల. పని కష్టం అనుకోలేదు. మధ్యాహ్నం పిల్లలు బయట ఆడుకునే ముప్పావుగంట మాత్రం కష్టంగా ఉండేది. డబ్బా మూత తీసి, ఎదుటి కుర్చీ చూసి, మళ్ళీ మూసేసేదాన్ని. నవ్వు తెప్పించే సంగతి ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి మనిషి లేదు. సాయంత్రానికి ఆ సంగతి నాకే నవ్వు తెప్పించేది కాదు.

కాగితం సంగతి విను. మన వాళ్ళకు పంచింది వేరు. నీకోసం విడిగా ఒక ప్రతి రాశాను. ఏడాదిలో జరిగిన పనులన్నీ ఒక్కదాన్నే చేశాను కనుక అసలు కాగితంలో వాటి దగ్గర "నేను" అని ఉంది. నీ ప్రతిలో అలా ఉంచితే బయటపడతానని ఒక్కొక్కటీ "మేము" చేసుకుంటూ పోయాను. సున్నం దగ్గర క్రియ మార్చడం మరిచిపోయాను. నిన్ను బయట పెట్టే ఉద్దేశం నాకు లేదే. ఆ మేములో నేను తప్ప ఎవరూ లేరు.

బడి ఆఖరి రోజు సమావేశంలో అసలు కాగితం పైకి చదివాను. దర్జీ గారి భార్య లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. అందరూ వెళ్ళిపోయాక కుర్చీలు ఎత్తి పెట్టుకున్నాను.

నీ ఉత్తరం చదివి, నిజం రాసి పంపుదామని రోజూ అనుకున్నాను. రాస్తే నువ్వు వస్తావు. నాకు నువ్వు కావాలి, ఆ సంగతి దాచను. కానీ నిన్ను పిలిస్తే మీ ఆయన మళ్ళీ ఒంటరివాడవుతాడు. అందుకే ముందు నీ కాగితం పంపేసి, తర్వాత ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడు నువ్వు రాలేవు కనుక ఇవన్నీ నిశ్చింతగా చెప్పుకోగలుగుతున్నాను.

పోస్టు ఖాళీ అయింది కనుక ఎవరినైనా వేస్తారట. ఎప్పుడని అడిగితే చూద్దామన్నారు.

ప్రేమతో,
నీ పెద్దటీచరు


పదిహేనో తేదీ

ప్రియమైన అక్కకు,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జవాబు రాసి మూడుసార్లు చింపేశాను. అబద్ధం రాసినప్పుడల్లా మీరు పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంది. ఇది నాలుగోది.

కొత్త మాస్టారు లేడని నాకు తెలుసు.

ఆ సున్నం దగ్గర నా కలం ఆగిపోయింది. పందొమ్మిదేళ్ళు మీ రాత దిద్దినదాన్ని. మీరు కామా మరిచిపోతారు, తేదీ తప్పు వేస్తారు, కానీ కర్తకూ క్రియకూ పొత్తు కుదరని వాక్యం మీ చేతి నుంచి రాదు. అనుమానమొచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ప్రతి "మేము" తీసేసి "నేను" పెట్టి చూశాను. పదకొండూ చక్కగా అతికాయి. అయిదు తరగతులు ఒక్క గదిలో, బొంగురుపోయిన గొంతు, పొడుగు తప్ప ఇంకే గుణమూ లేని మాస్టారు, అన్నీ అర్థమయ్యాయి. ఆ మధ్యాహ్నం వంటగదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఏడవడం అయ్యాక లేచి ముఖం కడుక్కుని రాజీనామా రాశాను. మీరు ఒక్కరే ఉన్నారని తెలిసే రాశాను.

మేము అన్నారని అలిగినట్టు రాశాను కదా, అది దొంగ అలక. నేను అలిగితే మీరు నన్ను రమ్మని అడగరు. అంత పంతం మీకుంది. మీరు అడగకపోతే నేను కాదనాల్సిన పని ఉండదు. నా కాగితం వెళితే పోస్టు ఖాళీ అవుతుంది, మీకు మనిషిని వేస్తారు అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ నేను పంపింది దానికోసం కాదు.

నాకు రావాలని లేదక్కా.

ఇక్కడ నాకు ఏ స్నేహితురాలూ లేదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా గోడలతో కూర్చుంటాను. నాలుగున్నరకు తలుపులో తాళంచెవి తిరుగుతుంది. ఆయన వచ్చి బూట్లు విప్పి, ఏమీ మాట్లాడకుండా నా ఎదురుగా కూర్చుంటారు. ఆ చప్పుడు వినడం కోసం మిగతా రోజంతా నేను ఇలాగే ఉండగలను. దానికోసం నలభై ఒక్కమంది పిల్లల్ని వదులుకున్నాను. మిమ్మల్నీ వదులుకున్నాను. మీరు ముందే నిజం రాసి, వచ్చెయ్యవే అని అడిగి ఉన్నా ఏదో ఒక సాకు చెప్పేదాన్ని.

ఈ సంగతి దాచేసి, మీ త్యాగం తలుచుకుని ఏడుస్తున్నానని రాయడం తేలిక. మొదట చింపేసిన ఉత్తరంలో అదే రాశాను. కానీ నన్ను నా మొగుడి దగ్గరికి మీరే పంపారని నమ్ముకుని, ఆ నమ్మకంతో మీరు వచ్చే ఏడాది కూడా ఒక్కరే నెట్టుకొస్తే నాకు నిద్ర పట్టదు. మీరు నన్ను పంపలేదు. నేనే వచ్చేశాను.

ఇంక మీరు నాకోసం ఏమీ మోయక్కర్లేదు. రేపే ఆఫీసుకు వెళ్ళి వాళ్ళ బల్ల ముందు కూర్చోండి. మనిషిని వేసేదాకా లేవకండి. బొంగురుపోయిన ఆ గొంతుతోనే అడగండి. పోయిన ఏడాది మొహమాటపడి వచ్చేశారు, గట్టిగా అడిగితే నా సెలవు రద్దు చేస్తారేమోనని. ఇప్పుడు ఆ మొహమాటానికి కారణం లేదు.

నాకు జవాబు రాయాలనిపించకపోతే రాయకండి.

మీ చెల్లెలు