చల్లారిన కుప్ప

ఉతై రోడ్డు, భిలాయి దగ్గర
22-9-2024, ఆదివారం

చిరంజీవి డైసీకి,

వానపాము వచ్చీసిందమ్మా! మన నేలలోకి వానపాము వచ్చీసింది! ఒకటి కాదు, ఎరువు కుప్ప కింద గడ్డి ఎత్తితే అక్కడొకటి, ఇక్కడొకటి, చిన్నా పెద్దా, సంసారమంతా దిగీసింది!

ముందు దండాలు రాయాలి గదా, తొందరలో మర్చిపోయాను. ప్రభువు దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వూ, అల్లుడుగారూ, మా చిట్టితల్లి సిరీ, మీ అమ్మ రజనీకుమారీ అక్కడ గాజువాకలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేటి అనుకుంటావు. ఫోన్ చేస్తే మీ అమ్మ పక్కనే ఉంటాది, నువ్వు స్పీకర్ పెట్టీస్తావు. ఈ సంగతి ముందు నీ ఒక్కదాని చెవిన పడాల. అందుకే నువ్వు పనిచేసే ఆసుపత్రి అడ్రసుకి రాస్తున్నాను. నా రాత కోడి గెలికినట్టుంటాది, ఓపిగ్గా చదువుకో.

నేను ప్లాంటులో రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఈ నేలకి రావడానికి సామాను ట్రాలీ ఎక్కించిన రోజు మీ అమ్మ ఏమన్నాదో నీకు గుర్తుందా? నా పాత షిఫ్టు మనిషి పరబ్రహ్మం ఉన్నాడు, చరోదా రైల్వే కాలనీ నుంచి మా తమ్ముడు శామ్ వచ్చాడు, చర్చివాళ్ళు సగంమంది ఉన్నారు. అందరి ముందరా మీ అమ్మ, అది ఇటికల బట్టీవాళ్ళు పైమట్టంతా గీసుకుపోయిన ఎర్ర మొరం, అందులో ఒక్క వానపామైనా కాపురం పెట్టిందేటి, నన్ను పెట్టమంటున్నావు, అది వచ్చినాక కబురెట్టు, నేనూ వస్తాను అన్నాది. అందరూ నవ్వీసారు. నేనూ నవ్వాను. తను నవ్వలేదు. దుర్గ్‌లో రైలెక్కి మీ దగ్గరికి వచ్చీసింది. అప్పట్నుంచి శామ్ బాబాయి నన్ను వానపాము అన్నయ్యా అనే పిలుస్తున్నాడు. మా అక్క, అదే మీ అప్పయమ్మ అత్త, ఫోనెత్తితే చాలు, ఏరా సొలొమోనూ, దిగారేటి నీ చుట్టాలు అంటాది.

ఆ నేల ఒట్టి మొరం అన్నమాట నిజమే. గునపం వేస్తే ఠంగుమనీది. వాన పడితే నీళ్ళు ఒక్క నిమిషం నిలబడకుండా రోడ్డు మీదకి పారిపోయేవి. నేను వెళ్ళిన సేద్యం శిక్షణలో ఇలాంటి నేలని బాగుచేసే పద్ధతిని పర్మాకల్చర్ అన్నారు. మీ అమ్మకి ఆ మాట నోరు తిరగలేదు, నాకూ తిరగలేదు. నాకు అర్థమైందేటంటే, నీళ్ళని పరిగెత్తనివ్వకు, నేలని బట్టల్లేకుండా ఉంచకు, ఇంట్లోంచి ఏదీ పారీకు. అలాగే చేసాను. వాలుకి అడ్డంగా కందకాలు తవ్వాను. గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు అరటి గోతికి పోతాయి. కంది వేసాను, మునగ వేసాను. పక్క పొలం సుకవారో బాయి ఇచ్చిన వరిగడ్డి ఖాళీ లేకుండా పరిచాను. ఇల్లు కూడా ఆ మట్టితోనే, సున్నం కలిపి, గోడలు మూర మందం. మే నెల ఎండకి కూడా లోపల చల్లగా ఉంటాది. మీ అమ్మకి వంటింట్లో ఉక్కపోస్తాదని పొయ్యి పక్కన పెద్ద కిటికీ పెట్టించాను. అందులోంచి ప్లాంటు గొట్టాలు కనపడతాయి. ఆ కిటికీ దగ్గర ఇప్పటికి నేనే వండుకుంటున్నాను, అదీ పప్పో చారో.

ఒక్కోరోజు తెలుగు ముక్క మాట్లాడకుండానే పొద్దుగూకిపోతాది. అందుకే కందిమొక్కలతో మాట్లాడతాను. సుకవారో బాయి విని, బాబాయిని కకా అంటాది కదా, కకా భాష మొక్కలకి తప్ప ఇంకెవరికీ రాదు అని ఎక్కిరిస్తాది.

ఇక కుప్ప సంగతి. ఆకులు, పేడ, గడ్డి, వంటింటి తొక్కలు పొరలు పొరలుగా వేసి తడిపితే లోపల వేడి పుడతాది. ఆ వేడి చూస్తే నాకు పిచ్చి ఆనందం! బతుకంతా బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర గడిపినోణ్ణి కదా. అక్కడ చేరిన రోజే మాకు చెప్పిన మాట, ఏం జరిగినా ఫర్నేసు చల్లారకూడదు. చల్లారిందా, లోపల ఇనుమంతా గడ్డకట్టీసి ఎందుకూ పనికిరాదు. పండగనీ లేదు, పెళ్ళనీ లేదు, ఒక షిఫ్టు దిగితే ఇంకో షిఫ్టు ఎక్కాల. కుప్పని కూడా అలాగే చూసుకున్నాను. ఇనపచువ్వ లోపలికి దింపి, తీసి, అరచేత్తో పట్టుకుని చూడ్డం. కాస్త వేడి తగ్గిందా, తిరగబోసి పచ్చాకూ పేడా మళ్ళీ ఎక్కించడం. పొద్దున్నే ఆవిర్లు లేస్తుంటే మీసం దువ్వుకునేవాణ్ణి. పరబ్రహ్మం చూడ్డానికొచ్చి, నీకింకా డ్యూటీ దిగలేదేట్రా అన్నాడు. సుకవారో బాయి అయితే నా చువ్వని చూసి పకపకా నవ్వి, చూల్హా మా కౌన్ రహే బర్ ఆహీ కకా అన్నాది. పొయ్యిలో ఉండడానికి ఎవరొస్తారు చెప్పు అని. వానపాములకి చల్లగా ఉండాలని శిక్షణలోనూ చెప్పారు. చెవిన పడింది గానీ చేతులకి ఎక్కలేదు. వేడిగా ఉన్నదాన్ని ఆరనివ్వమంటే నాకు ప్రాణం ఒప్పదు తల్లీ.

ఈమధ్య ఎలాగో కొన్నాళ్ళు కుప్ప జోలికి పోలేదు. ఇవాళ పొద్దున్న వెళ్ళి చువ్వ దింపితే చల్లగా వచ్చింది. అయిపోయింది, గడ్డకట్టీసుంటాది అనుకున్నాను. తిరగబోద్దామని అడుగున గడ్డి లాగానా, నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసన! అందులో చిటికెనవేలంత పొడుగున, లేత గులాబీ రంగులో, వెలుతురు తగిలేసరికి మెలికలు తిరిగి లోపలికి దూరిపోతోంది. ఓ రజనీ, బేగి రా, చూడవే అని గట్టిగా అరిచీసాను. అరిచాక గానీ గుర్తు రాలేదు.

మరి ఎవరికో ఒకరికి చెప్పాల కదా. మట్టి చేతుల్తోనే మోపెడ్ తీసి భిలాయిలో మన చర్చికెళ్ళాను. అప్పటికి ఆరాధన అయిపోయింది. ఎవరి పిల్లల్ని వాళ్ళు బళ్ళెక్కించుకుంటున్నారు. పాస్టరుగారికి చెప్తే, స్తోత్రం సొలొమోనుగారూ అన్నారు గానీ, ఆయన చెయ్యి అప్పటికే బండి తాళం తిప్పుతోంది. పాపం ఆయనకీ ఇంటి దగ్గర భోజనానికి ఎదురు చూస్తుంటారు. తిరిగొచ్చి, కంచం తెచ్చుకుని కుప్ప పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టే అనిపించిందమ్మా. రెండుసార్లు వడ్డించుకున్నాను!

ఇట్లు
గోళ్ళనిండా మట్టితో, పట్టలేని సంతోషంతో,
మీ నాన్న సొలొమోను

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. కుప్ప జోలికి పోలేదని రాసాను. పోలేదు కాదు, పోలేకపోయాను. జ్వరం పట్టీసింది. ఇక్కడి ఆడోళ్ళంతా తీజ పండక్కి పుట్టిళ్ళకి పోతారు కదా, సుకవారో బాయీ పోయింది. వానలకి పొలాల వైపు మనిషి అలికిడి లేదు. మంచం దిగితే కాళ్ళు నిలబడలేదు. కుండలో నీళ్ళు, డబ్బాలో అటుకులు, అంతే. నువ్వు ఫోన్లో గొంతేటి నాన్నా అలాగుంది అంటే, కోతుల్ని అదిలించి అదిలించి అన్నాను. కోతులేవీ రాలేదు. పెంకుల మీద వాన పడుతోంది, నా ఒళ్ళు కాలిపోతోంది, బయట కుప్ప చల్లారిపోతోంది. ఎవరైనా వెళ్ళి దాన్ని తిరగబోస్తే బాగుణ్ణని ఏడ్చాను. ఇప్పుడు తగ్గిపోయింది, కంగారు పడకు. సుకవారో బాయి తిరిగొచ్చి ఉతై తీసుకెళ్ళి సూది వేయించింది. దారిపొడుగునా తిట్టింది కూడా.

ఈ జ్వరం మాట మీ అమ్మకి చెప్పకు. చెప్తే రేపే రైలెక్కీస్తాది, నాకు తెలుసు. అలా వచ్చిన మనిషి నా మంచం వైపు చూస్తాది గానీ నేల వైపు చూడదు. గంజి కాచి పోసి, పద, గాజువాక పోదాం అంటాది. తను మాటిచ్చింది జ్వరానికి కాదు, వానపాముకి. దానికోసమే రావాల.

వానపాము మాట కూడా నువ్వు నేరుగా చెప్పకు. తెలియాల్సినోళ్ళకి తెలిస్తే వాళ్ళే ఫోన్ చేసి, ఏటి వదినా, ఎప్పుడు బయల్దేరతావు అని అడుగుతారు. ముందు మీ అమ్మ చెల్లెలు జ్యోత్స్న పిన్నికి చెప్పు, ఆ రోజు ఫోన్లో విని అందరికన్నా గట్టిగా నవ్వింది తనే. శామ్ బాబాయికి చెప్పు, ఇక పేరు మార్చి పిలవమను. అప్పయమ్మ అత్తకి చెప్పు, ఆవిడికి చెప్తే ఊరంతటికీ చెప్పినట్టే. అంకయ్య పెదనాన్నకి చెవుడు, గట్టిగా చెప్పు. ఆఖర్న సిరికి. దానికి వానపాము మాట ఒక్కటే చెప్పు, జ్వరం మాట దాని దగ్గర ఎత్తకు. అమ్మమ్మ ఒళ్ళో కూచుంటే అది ఏదీ కడుపులో దాచుకోలేదు.