యాభై ఒక్క గాజు పళ్ళేలు

19 జనవరి 2025

మెడికల్ షాపువాళ్లు పంచిన డైరీ. ప్రతి పేజీ మూలలో ఒక మందు గోలీ బొమ్మ ఉంది. ఊరికే పోనివ్వడమెందుకని రాస్తున్నాను. చదివింది ఎనిమిదో తరగతి. తప్పులుంటే గోలీ కంపెనీవాళ్లే దిద్దుకోవాలి.

మొదటి పేజీలో పేరు రాయమన్నారు. శోభ, జనగామ. వయసు నలభై ఎనిమిది, ఆధార్‌లో నలభై ఆరు. ఆధార్ ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి అదే నిజం. భర్త పేరు దగ్గర సోమేశ్వర్ అని రాశాను. ఆయన పోయి ఆరేళ్లు. ఆయన నడిపిన దుకాణం మరిది చేతికి పోయింది. పిల్లలు లేరు కాబట్టి తగాదా కూడా లేదు.

ముందు గదిలో గాజు పని చేస్తాను. పళ్ళేలు, గిన్నెలు, పూలసీసాలు తెప్పించి వాటి మీద బొమ్మలు వేస్తాను. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. నాకు నేనే గురువు, కాబట్టి గురుదక్షిణ ఖర్చు లేదు.

సాయంత్రం నాలుగింటికి ఎదురింటి రుక్మిణమ్మ వచ్చింది. రోజూ వస్తుంది, చాయ్ తాగుతుంది, ఊళ్లోవాళ్లందరినీ కడిగి ఆరేసి పోతుంది. రోజు మొత్తంలో నా గడప దాటి లోపలికొచ్చే మనిషి ఆమె ఒక్కతే. మస్కిరి నా అలవాటు, అందరినీ ఆటపట్టిస్తాను. ఈ రోజు ఒక గిన్నె మీద సన్నటి బ్రష్‌తో పగులు గీసి ఆమె చేతిలో పెట్టాను. పట్టుకోగానే పగులు చూసి, తానే పగలగొట్టాననుకుని వణికిపోయింది. గీత అని తెలిశాక, "నీ మొహం మండ, నా పానం పోయిందేందే!" అని గిన్నె ఎత్తి నా మీదికి విసరబోయి, గాజు కదా అని ఆగింది.

26 జనవరి

పెద్ద ఆర్డర్. రుక్మిణమ్మ కూతురు కీర్తికి సీమంతం. ఫిబ్రవరి 16, ఫంక్షన్ హాల్లో. ముత్తైదువలకు పసుపు కుంకుమ పెట్టి ఇవ్వడానికి లక్ష్మీదేవి మొహం ఉన్న గాజు పళ్ళేలు, యాభై ఒకటి. "స్టీలు డబ్బాలు అందరిస్తరే, నా బిడ్డకు నీ చేతి పని ఉండాలె" అన్నది. నా మొహం చూడకుండా అన్నది. పొగిడేటప్పుడు ఆమె ఎప్పుడూ గోడ వైపే చూస్తుంది.

3 ఫిబ్రవరి

ఈ రోజు బొట్ల పని.

గాజు పని తిక్క పని. రంగు పళ్ళెం వెనక వేస్తాము, బొమ్మ ముందు నుంచి కనిపిస్తుంది. అంటే మొహం మీద అన్నిటికంటే పైన ఉండేది ఇక్కడ అన్నిటికంటే ముందు వేయాలి. మొదట బొట్టు. తర్వాత కళ్లు, ముక్కుపుడక. అవి ఆరాక వాటి మీదుగా మొహానికి పసుపు రంగు. ఒకసారి పసుపు పూసేశాక బొట్టు పెడదామన్నా కుదరదు, పసుపు వెనకే దాక్కుంటుంది. అందుకే ఒక పూట మొత్తం బొట్లే పెడతాను. పళ్ళేలు బోర్లించి మంచం మీద, చాప మీద, కిటికీ గట్టు మీద వరుసగా పేర్చి, ఎర్ర రంగుతో చుక్క, చుక్క, చుక్క.

సగం అయ్యేసరికి రుక్మిణమ్మ వచ్చింది. చాయ్ పెట్టనా అంటే వద్దన్నది. అప్పుడే అనుమానమొచ్చింది. కీర్తికి నిరుడు మూడో నెలలో కడుపు పోయింది, అది నాకు తెలుసు. తెలియనిది ఈ రోజు చెప్పింది. దానికి నెల ముందు భూపాలపల్లిలో అత్తగారింట్లో పూజలో దీపం ఆరిపోయిందట. అది ఆరింది కాబట్టే ఇది పోయిందని వియ్యపురాలు ఇప్పటికీ అంటుందట. "గీసారి కూడ ఏమన్న అయితె దాన్ని నీ ఇంట్లనే ఉంచుకో అన్నదే నాతోని" అని చెబుతూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ చేతిలో బ్రష్ ఉంది. ఆమె చీర కొంగుకు ఎర్ర రంగు అంటింది. రంగు మరక పోదక్కా, చీర నాకే ఇచ్చెయ్ అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

ఆమె పోయాక మిగిలిన బొట్లు పూర్తి చేశాను.

9 ఫిబ్రవరి

యాభై ఒక్క లక్ష్ములు ఆరుతున్నారు. అందరి వీపులూ నా వైపే.

14 ఫిబ్రవరి

రుక్మిణమ్మ కార్డు ఇచ్చింది. కవరు మీద నా పేరు అందంగా రాయించింది. చాయ్ తాగింది. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "ముత్తైదువల పని ఒడిసినంక ఒంటిగంటకు రాయే శోభా, కడుపునిండ తిని పో" అన్నది. చెడుగా అనలేదు. అందరూ అనేదే. నాకూ తెలిసిందే. అయినా ఆ ఒంటిగంట మనసులో నుంచి పోలేదు.

కోపంతో ప్యాకింగ్ చేశాను. ఎప్పుడూ ఒక్కో పళ్ళేన్ని వెలుగుకి పట్టి ముందు వైపు చూసి పెడతాను. ఈ రోజు చూడలేదు. బోర్లించినవి బోర్లించినట్టే కాగితంలో చుట్టి పెట్టెల్లో కుక్కాను. ఆటో నడిపే ఐలయ్య వచ్చి తీసుకుపోయాడు. పైలమయ్యా, మెల్లగా తీసుకుపో, లోపల దేవతలున్నారు అంటే, "దేవతలైతె వాళ్లే పైలముంటరు తియ్యక్కా" అన్నాడు.

16 ఫిబ్రవరి, ఒంటిగంట

పోలేదు. పెరుగన్నం తిన్నాను.

17 ఫిబ్రవరి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదింటికి ముగ్గురు వచ్చారు. ముందు కీర్తి అత్తగారు, వెనక రుక్మిణమ్మ, గడప అవతల కీర్తి. అత్తగారి చేతిలో నా పళ్ళెం. వెలుగుకి ఎత్తి చూపించింది. కళ్లు ఉన్నాయి, ముక్కుపుడక ఉంది, కిరీటం ఉంది. బొట్టు లేదు.

వరుసలో ఎవరో పదో ఆమె చేతికి వచ్చిందట. ఆమె పక్కామెకు చూపించిందట. భోజనాలు అయ్యేలోపు హాలంతా చూసిందట. బొట్టు లేని లక్ష్మి, అదీ సీమంతంలో, అదీ నా చేతి మీదుగా.

అత్తగారు కూర్చోలేదు. "ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. మర్సిపోయినవా, మస్కిరి చేసినవా? నీ మస్కిరీల ముచ్చట రాత్రి అందరు చెప్పిన్రు. మస్కిరైతె నీ పాపం నీకు. మర్సిపోతె మాత్రం అది నీ చేతిల లేదు, అమ్మవారు చూపిన ఇషారా. అప్పుడు దీపం, ఇప్పుడు గిది" అన్నది. ఆ మాట అనేటప్పుడు ఆమె నన్ను చూడలేదు. వెనక్కి తిరిగి కోడలి కడుపు వైపు చూసింది.

కీర్తి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. చిన్నప్పుడు నా దగ్గర ముగ్గు రంగులు దొంగిలించి దొరికిపోయినప్పుడు కూడా ఇలాగే చేతులు దాచుకునేది.

నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలియదు. "కావాల్ననే చేసిన వదినా. ముత్తైదువల మందల నన్ను పిలువకపోతిరి. నేను లేని కాడ నా అసొంటిది ఒకటుండాల్నని దానికి బొట్టు పెట్టలే. భయపడ్డరా మరి?" అన్నాను.

ఆమె తిట్టినవి రాయను. గోలీ బొమ్మలు సిగ్గుపడతాయి. కానీ తిడుతుంటే ఆమె మొహం మెల్లగా సడలింది, చూశాను. తిట్లయ్యాక కోడలి తల నిమిరి, "ఏం రంది పెట్టుకోకు బిడ్డా. మనిషి చేసిన పాడుపనే, అమ్మ ఇషారా కాదు" అన్నది. కీర్తి చేతులు కిందికి దిగాయి.

రుక్మిణమ్మ ఒక్క మాటే అన్నది. "నా బిడ్డ దినం నాడా, శోభా?"

పళ్ళెం స్టూలు మీద పెట్టేసి పోయారు.

18 ఫిబ్రవరి

మరిచిపోయాను. మస్కిరి కాదు. మూడో తారీఖు నాడు ఆమె చెయ్యి వదిలాక, ఏ పళ్ళెం దగ్గర ఆగానో దాన్ని వదిలేసి పక్కదాని నుంచి మొదలుపెట్టి ఉంటాను. ప్యాకింగ్ నాడు తిప్పి చూసి ఉంటే దొరికేది.

ఇది ఎవరికీ చెప్పడానికి లేదు. చెబితే మళ్లీ ఇషారా అవుతుంది. ముప్పై ఏళ్లు ఈ వాడలో అందరినీ ఆటపట్టించాను, నమ్మని వాళ్లు ఒక్కరూ లేరు. అన్నిటికంటే బాగా నమ్మింది ఇదే.

19 ఫిబ్రవరి, నాలుగు గంటలు

రెండు కప్పులు పెట్టాను. ఒకటి తీసేశాను.

6 మార్చి

ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో నుంచి తీసేశారు. నా పళ్ళేల ఫోటోలు, నా గుడ్ మార్నింగ్‌లు అన్నీ అందులోనే పోయేవి. గుడ్ మార్నింగ్ ఎవరికి పెట్టాలో తెలియక మెడికల్ షాపు నంబర్‌కు పెట్టాను. ఏం మందు కావాలి మేడం అని వచ్చింది.

21 మార్చి

బచ్చన్నపేట గృహప్రవేశం వాళ్లు ఆర్డరిచ్చిన గిన్నెలు వద్దన్నారు. ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడారు. "ఏమనుకోకక్కా, ఇంట్ల పెద్దలు ఒప్పుకుంటలేరు."

మహబూబాబాద్‌లో ఫ్యాన్సీ స్టోర్ నడిపే సింధూజ మాత్రం పూలసీసాలు పంపమన్నది. పార్సిల్ కట్టేలోపు మళ్లీ ఫోన్ చేసి, "అక్కా, పూలే వెయ్, మొహాలొద్దు" అన్నది. ముచ్చట అక్కడిదాకా పోయిందన్నమాట. నాకంటే నా పేరు ఎక్కువ ఊళ్లు తిరుగుతోంది.

13 ఏప్రిల్

కీర్తికి నిన్న ఆడపిల్ల. ఐలయ్య చెప్పాడు. దవాఖాన నుంచి వాళ్లను తెచ్చింది అతని ఆటోనే. తల్లీ పిల్లా బాగున్నారా అని మూడుసార్లు అడిగాను. "బాగున్నరక్కా, పిల్ల మస్తు ఒర్రుతుంది" అన్నాడు.

మధ్యాహ్నం నుంచి నాకూ వినిపిస్తోంది. గట్టి గొంతు.

2 మే

ఎదురింట్లో తొట్టెల ఫంక్షన్. కిటికీకి కర్టెన్ వేసి లోపల కూర్చున్నాను. పిల్లకు ఏం పేరు పెట్టారో మైకులో చెప్పారు కానీ సరిగ్గా అప్పుడే బస్సు హారన్ కొట్టింది. అడగడానికి మనిషి లేదు.

15 జూన్

నిన్న పొద్దుపోక నేను తాగే గ్లాసు మీద పగులు గీశాను. ఈ రోజు పొద్దున చూసి, అయ్యో పగిలిందే అని తీసుకెళ్లి చెత్తబండిలో వేసి వచ్చాను. చేతులు కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది. బండి వెనక సందు చివరిదాకా పరుగెత్తాను. దొరకలేదు.

నన్ను నేనే బోల్తా కొట్టించుకున్నాను. మంచి మస్కిరీయే. నవ్వుదామని గదిలోకి వచ్చి నిలబడ్డాను, నవ్వు రాలేదు.

8 ఆగస్టు

వరలక్ష్మి వ్రతం. సందు నిండా పట్టుచీరలు. ఒక్క ఆర్డర్ లేదు. పూలసీసాలు తుడిచాను.

17 ఆగస్టు

ఐదో నెలలో పిల్లను తీసుకుని కీర్తి అత్తగారింటికి పోయింది. కారు ఎదురింటి ముందు అరగంట ఆగింది. కర్టెన్ సందులో నుంచి చూశాను. పిల్లకు బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టారు, పెద్దది, ఎవరో చేతకానివాళ్లు పెట్టినట్టుంది. అత్తగారు పిల్లను ఒళ్లోకి తీసుకుని ఎవరికీ ఇవ్వడం లేదు. మంచిదే. కీర్తి ఎక్కబోతూ మా ఇంటి వైపు చూసింది. చెయ్యి ఎత్తలేదు. నేనూ కర్టెన్ తీయలేదు.

18 ఆగస్టు

ఎదురింట్లో చప్పుడు లేదు. ఇప్పుడు రెండిళ్లూ ఒకటే.

22 ఆగస్టు

సింధూజ మెత్తబడింది. బతుకమ్మ పండక్కి గౌరమ్మ మొహాల పళ్ళేలు పన్నెండు అడిగింది. మధ్యాహ్నం బొట్లు పెడుతుంటే రుక్మిణమ్మ వచ్చింది. కుర్చీ మీది అట్టపెట్టె తనే దించి కూర్చుంది. గోడ వైపు చూసి, "ఆ దినం బొట్లు పెడ్తుంటె నీ చెయ్యి పట్టుకున్నది నేనే గదనే. నాకెర్కనే. వియ్యపురాలి ముందట నోరు రాలే" అన్నది. నేను ఇంకో బొట్టు పెట్టాను. "అన్నిటికి బొట్టు పెట్టినవా?" అని అడిగింది.

ఒకటి మర్సిపోయినక్కా అన్నాను.

గుండె పట్టుకుని లేచి, కళ్లద్దాలు పైకి తోసుకుని, పన్నెండు పళ్ళేలూ ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. పన్నెండింటికీ ఉన్నాయి. అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం. ఆరు నెలలవి. తిట్టనిచ్చాను.