బెణుకేనా, మావా?

అనకాపల్లి,
ఫిబ్రవరి 1944.

చిరంజీవి తమ్ముడు తాతబ్బాయికి అప్ప దేముడమ్మ దీవించి రాయునది. ఇక్కడ నాన్నా, మీ బావా, నేనూ, మొన్న ఈనిన ఆవూ అందరం క్షేమం. నీ ఉత్తరంలో సగం పంక్తులు మీ మిలిటరీ పైవాళ్ళు నల్లసిరాతో కొట్టేశారు గానీ, నువ్వు క్షేమమన్న ముక్క మాత్రం దయతలచి ఉంచారు. దాన్నే నాన్నకి మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాను.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. ఆవుకి పెయ్యదూడ పుట్టింది. నాన్న కర్ర సాయంతో అరుగు మీదనుంచి నూతి దాకా నడుస్తున్నాడు. కాలు వంకర మాత్రం వంకరే. ఇంకా జనాన్ని తంతున్నావా అప్పా అని వెటకారం చేశావు. తంతున్నాను. ఎదురుకాళ్ళతో పుట్టడం నేను కోరుకున్నానా? నడుం పట్టినా, మడమ బెణికినా, ఎదురుకాళ్ళవాళ్ళు తంతే పోతుందని జనం నమ్మకం. ఆదివారం పొద్దున్నే వచ్చి మన గుమ్మం ముందు పడుకుంటారు. కాలితో పైనుంచి కిందికి రాసి, చివర ఒక్క తాపు తంతాను. కొందరికి తగ్గుతుంది. తగ్గనివాళ్ళు సిగ్గుపడి చెప్పరు. ఇదంతా నీ మిలిటరీ డాక్టరుకి చెప్పకు, నవ్వుతాడు.

నువ్వు ఆస్పత్రి దళంలో నేర్చుకుని రాసిన వైద్యం కూడా వదల్లేదు. మొన్న పక్కింటి మరిడమ్మ పిన్ని కత్తిపీట మీద చెయ్యి కోసుకుంది. రక్తం ధారకట్టింది. వాళ్ళ కోడలు పొయ్యిలో బూడిద ఎత్తుకొస్తుంటే "బూడిద నీ నెత్తిన పోసుకో" అని కసిరి, ఉతికిన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి, పిన్ని చెయ్యి తలకన్నా ఎత్తుగా పట్టుకుని కూర్చున్నాను. మధ్యలో గుడ్డ తీసి చూడకూడదని రాశావు గదా. ఆవిడేమో "ఆగిందేటే, సూడనీయే" అంటూ తీయబోవడం, నేను ఆ రెండో చేతి మీద ఒక్కటివ్వడం. మొత్తానికి ఆగింది. ఇప్పుడు ఆవిడ నేను కొట్టాననే అందరికీ చెబుతోంది, రక్తం ఆగిందని ఎవరికీ చెప్పడం లేదు.

బెణుక్కీ, ఎముక విరగడానికీ తేడా తెలిసిందా అని అడిగావు. తెలిసింది. ఆ సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

నాన్న కాలు పోయిన వైనం నీకు ముక్కలుముక్కలుగానే రాశాను. నువ్వక్కడ కుమిలిపోతావని మొత్తం రాయలేదు. కిందటేడు చెరుకు గానుగల రోజుల్లో, ఏటవతల సన్యాసిరావు తోటలో నాన్న బెల్లం వండుతున్నాడు. చెరుకు బండి మీదనుంచి మోపు దించుతూ జారిపడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. సన్యాసిరావు వచ్చి చూసి, "బెణుకేలే, నూనె రాసి లాగండి" అన్నాడట. ఇద్దరు పట్టుకుని లాగారు. తరవాత ఆ మనిషిని మోసుకుపోయి బెల్లప్పెనం పక్కన కూర్చోబెట్టారు, పాకం చూసేవాడు ఇంకొకడు లేడని. సాయంత్రం దాకా నాన్న అలాగే పళ్ళు బిగబట్టి పాకం చూశాడు. ఏరు దాటితే ఆస్పత్రి. బండి కట్టమని అడిగితే "సెరుకెవుడు తోల్తాడు, మీ తాతా?" అన్నాడట.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. తన మీదికి మాట రాకుండా, బంగారయ్య కల్లు తాగి పడిపోయాడని ఊరంతా చాటించాడు. కల్లు వాసనకే కడుపులో తిప్పే మన నాన్న! పాకం దగ్గర తాగుబోతుని ఎవడు పెట్టుకుంటాడు? ఒక్క రైతూ పిలవలేదు. కాలు వంకరైతే ఏమి, కూర్చుని పాకం చెప్పగలడు గదా, ఆ బతుకూ తీసేశాడు. నాన్న సంగతి నీకు తెలుసు. ఎవరేమన్నా "పోనీలే అమ్మీ, దేముడున్నాడు" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

నువ్వేమో, ఆ పూటే కదపకుండా రెండు పక్కలా బద్దలు కట్టి ఆస్పత్రికి తీసుకుపోయుంటే కాలు తిన్నగా అతుక్కునేదని రాశావు. నీ ఉత్తరం చదివేదాకా అది నాన్న కర్మ అనుకున్నాను. చదివాక అది కర్మ కాదు, సన్యాసిరావు. ఇదివరకు వాణ్ణి మావా మావా అని నోరారా పిలిచినదాన్ని, నూకాలమ్మకి కోడిని మొక్కుకున్నాను, వాడి కాలూ అలాగే విరగాలని. అక్కడ యుద్ధంలో నువ్వుంటే, నీ క్షేమం కన్నా ముందు వాడి కాలు మొక్కుకున్నాను. నన్ను తిట్టుకుంటే తిట్టుకో.

నూకాలమ్మ వింది. పోయిన ఆదివారం వాడు తన గానుగ దగ్గరే చెరుకు పిప్పి మీద కాలు జారి బోర్లా పడ్డాడు. లేచి కాలు కింద పెట్టలేకపోయాడు. వాడి మనుషులకు తోచిందేమిటో తెలుసా? బెణుకు, దేముడమ్మ చేత తన్నిస్తే పోతుందని! నులకమంచం మీద మోసుకుంటూ ఏరు దాటించి మన గుమ్మంలో దించారు. వెనకాల వాడి పెళ్ళాం లోవమ్మ ఏడుపు. వీధి వీధంతా వచ్చింది. నాన్న అరుగు మీదున్నాడు.

చూడగానే నాకు తెలిసిపోయింది. మోకాలి కింద వాపు, పాదం పక్కకి వాలిపోయి ఉంది, ఒళ్ళంతా చెమట. వేలు ఆనిస్తే ప్రాణం పోతుందన్నట్టు అరిచాడు. నువ్వు రాసిన గుర్తులన్నీ ఉన్నాయి. అయినా వాడి నోరు వాడిదే. "బేగి తన్నే అమ్మీ, పెనమ్మీద పాకముంది" అన్నాడు. లోవమ్మ నా చేతులు పట్టుకుని "తన్ను తల్లీ, నీకు పున్నెముంటాది" అని బతిమాలింది. ఒక్క తాపు, తమ్ముడూ. వాడే అడుగుతున్నాడు, పెళ్ళాం దణ్ణం పెడుతోంది, వీధంతా సాక్ష్యం. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా నన్ను ఒక్కరూ తప్పుపట్టరు.

నేను తన్నలేదు. ఆ నొప్పికి తాళలేక వాడే అందరి ముందూ నిజం కక్కేశాడు. బంగారయ్య కాలు విరిగిందని తనకి తెలుసనీ, బండి తనే కట్టనివ్వలేదనీ, కల్లు మాట తను పుట్టించిందేననీ అన్నాడు. వీధిలో పిల్లి కూడా విన్నది.

అప్పుడు కట్టు కట్టాను. తడికలోంచి వెదురు బద్దలు లాగించి, దూది పరిచి, తొడ మీదనుంచి మడమ దాటేదాకా రెండు పక్కలా పెట్టి, పాతచీర చింపి కట్టాను. విరిగిన చోట ముడి వెయ్యలేదు, పైనా కిందా వేశాను. ఆ కాలిని మంచికాలికి జతచేసి కట్టాను. వేళ్ళలో స్పర్శ ఉందో లేదో చూడమన్నావు గదా, గిల్లి చూశాను. కొంచెం గట్టిగానే గిల్లాను. ఏటవతలనుంచి వాడి బండే రప్పించి, గడ్డి పరిపించి, బండి తోలే వీరన్నతో "గతుకుల్లో పోనిచ్చేవంటే నీ సంగతి సెప్తాను" అని చెప్పి ఆస్పత్రికి పంపించాను. కసి ఎంతున్నా కట్టులో చూపించలేదు. అది నీ విద్య, దానికి మచ్చ తేను.

వాడి కాలు తిన్నగా అతుక్కుంటుందట. వైశాఖానికల్లా నడుస్తాడట. నా చేతి కట్టుతో వాడు తిన్నగా నడుస్తాడు, మన నాన్న కుంటుతాడు. ఒక్కటే ఊరట. కొండకర్ల వైపు రైతొకడు నిన్న బండి కట్టుకుని వచ్చి, "మాట నమ్మి తప్పు సేసేను బంగారయ్య మావా, పెనం కాడ పీటేత్తాను, కూకుని పాకం సెప్పు సాలు" అని నాన్నని అడిగాడు. నాన్న తలపాగా చుట్టుకుని కర్ర అందుకున్నాడు. మీ బావ చూడకుండా నేను దొడ్లోకి పోయి ఏడ్చాను.

ఇంతవరకూ వీధికి తెలిసిన కథ. ఇక ముందు రాసేది మీ బావకి కూడా చెప్పలేదు. మధ్యలో ఉత్తరాలు విప్పే దొరలకు తెలుగు రాకపోతే బాగుండును.

గాయపడ్డవాడు మనవాడా పగవాడా అని చూడకూడదని మీకు నేర్పారనీ, పగవాడి సిపాయికి నువ్వే నీళ్ళు తాగించి కట్టు కట్టావనీ రాశావు. చదివి గర్వపడ్డాను. నాకు మాత్రం చేతకాలేదు. సన్యాసిరావు ఊరికే నిజం చెప్పలేదు. నేను కాలు పెట్టాను.

"బెణుకేనా, మావా?" అని అడిగాను.

"బెణుకేనే. బేగి కానీ."

రాస్తున్నట్టుగా పాదం జార్చి, సరిగ్గా విరిగిన చోట ఆపాను. చీర కుచ్చెళ్ళు అడ్డం ఉన్నాయి, ఎవరికీ కనిపించలేదు. వంగి, "మా నాన్నకీ బెణుకేనా?" అని అడిగి, నొక్కాను.

వాడి కళ్ళు తేలిపోయాయి. "ఇరిగిపోనాదే!" అని కేకపెట్టాడు.

"ఎవుల్ది?"

"నాదీ, ఆడిదీ! టప్పుమని సప్పుడు నాను ఇన్నానే తల్లీ!"

"ఇని, బండెందుకు కట్టనేదు?"

"పాకం మాడిపోద్దని! కాలు తియ్యే!"

"మరి కల్లు?"

"అబద్దం! నానే సెప్పేను, నానే!"

అప్పుడు తీశాను. తీసి, "ఇది బెణుకు కాదు, విరిగింది, ఎవరూ ముట్టుకోకండి" అని నువ్వు నేర్పిన మాట అందరికీ వినపడేలా అన్నాను. నేనేం చేశానో వాడికి తెలుసు. బయటపెట్టడు. పెడితే, ఎందుకు చేశానో మళ్ళీ వీధి ముందు చెప్పుకోవాలి. తప్పు చేశానని నువ్వు రాస్తే చదువుకుంటాను. కానీ పశ్చాత్తాపపడమని మాత్రం రాయకు, అది నావల్ల కాదు.

నాన్నకి తెలియదనుకున్నాను. మర్నాడు గంజి ఇస్తుంటే, చెంబు అందుకోకుండా నా పాదాల వంక చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మీ, ఆడు నిజం సెప్పినప్పుడు నీ కాలెక్కడుందో నాను సూసేను. అరుగు మీంచి అగుపడింది."

తప్పమ్మా అంటాడు, దేముడున్నాడు అంటాడు, ఈ మనిషి ముఖం ఇక చూడలేను అనుకున్నాను. నాన్న చెంబు అందుకుని గంజి మొత్తం తాగాడు. మూతి తుడుచుకున్నాడు. వంకరకాలు చేత్తో ఎత్తి సర్దుకున్నాడు.

"అంత బేగి తీసీసేవేటే?" అన్నాడు.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం గుమ్మంలోనే ఉండే
నీ అప్ప
దేముడమ్మ