వాయిదా మాత్రలు

జూన్ 2, సోమవారం

నిదానం అడిగేశాడు.

పార్కులోనో హోటల్లోనో కాదు. లాండ్రీ వెనక గేటు దగ్గర, హాస్టల్ దుప్పట్ల మూటలు దించుతూ. పదకొండు మూటలు దించి, పన్నెండోది భుజం మీదే ఉంచుకుని, మీకు అభ్యంతరం లేకపోతే మనం పెళ్లి చేసుకుందామా అన్నాడు. ముందు ఆ మూట దించండి మహానుభావా అన్నాను. జవాబు చెప్తే దించుతా అన్నాడు. లోపలి నుంచి మేనేజర్ కేకేస్తే తప్ప దించలేదు.

అసలు పేరు డైరీలో కూడా రాయను, వదిన కంట పడుతుంది. వ్యాన్ నలభై దాటనివ్వడు కాబట్టి మా లాండ్రీలో అందరూ అతన్ని నిదానం అనే పిలుస్తారు. నలభై ఒకటి. మొదటి పెళ్లి రెండేళ్లకే తెగిపోయింది. పిల్లలంటే ప్రాణం. ఎవరింటికి బట్టల కోసం వెళ్లినా అక్కడి పిల్లల సంగతులు మోసుకొచ్చి నాకు చెప్తాడు. ఇవాళ కూడా, మనకింకా ఆలస్యమేం కాలేదండీ అన్నాడు.

తొందరేం లేదట. అంటూనే తారీఖు చెప్పాడు. ఇరవైన డ్యూటీ దిగాక సెలవు పెట్టి వాళ్లక్క దగ్గరికి వెళ్తాడట, ఆలోపు తేలిస్తే అక్కతో చెప్పుకుంటాడట.

అవునని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాకు ముప్పై ఎనిమిది. నవంబరు తర్వాత నాకు పీరియడ్ రాలేదు.

జూన్ 4, బుధవారం

ఏడు నెలలు నానబెట్టి ఇప్పుడొచ్చావా అని డాక్టరమ్మ తిట్టింది. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ అంది. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆవిడ చూడనట్టు పేపర్లు సర్దుకుంది. స్కాన్, థైరాయిడ్, అన్నీ చేశారు. కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, లివర్ జబ్బులున్నాయా అని అడిగింది. ఏమీ లేవన్నాను.

హార్మోన్ మాత్రలు రాసింది. రోజుకి రెండు, పది రోజులు. ఆపేశాక వారంలో రావాలట. వస్తే లోపల పని ఇంకా నడుస్తున్నట్టు. రాకపోతే కారణం వేరేచోట వెతకాలట. నలభై లోపే పూర్తిగా ఆగిపోయేవాళ్లుంటారా అన్నాను. ఉంటారంది. ముందే బెంగ పెట్టుకోకు అని కూడా అంది. ఆ మాట ఎవరు చెప్పినా నాకు బెంగ రెట్టింపవుతుంది.

బస్సులో లెక్క వేసుకున్నాను. రేపు మొదలు, పద్నాలుగుతో ఆఖరు. మా లాండ్రీ లెక్కలో బట్ట తీసుకున్న రోజు కూడా ఒక రోజే. పద్నాలుగు ఒకటి అయితే ఇరవై ఏడు. సరిగ్గా అతను చెప్పిన తారీఖు.

వస్తే అవునంటాను. రాకపోతే కాదంటాను. అంతే.

జూన్ 5, గురువారం

మెడికల్ షాపు పిల్ల చీటీ చూసి, పీరియడ్ వాయిదాకేగా ఆంటీ, టూరా పెళ్లా అని గొంతు చించుకుంది. వెనక లైన్లో నలుగురు మగాళ్లు. పెళ్లి అన్నాను. ఎవరిది అంది. దానికెందుకట! చిల్లర తీసుకోకుండా వచ్చేశాను.

ఊరంతా రాకుండా ఉండటానికి మింగే మాత్ర, నేను రావడానికి మింగుతున్నాను. రాత్రి భోజనం అయ్యాక రెండోది వేసుకున్నాను. దయచేసి రా.

జూన్ 6, శుక్రవారం

ఇవాళ కౌంటర్లో పెద్ద రభస. ఒక లాయరు గారు కోటు ముంజేతి దగ్గర చిల్లు మేమే పెట్టామని ఎగిరారు. నేను స్లిప్పు తీసి మొహాన పెట్టాను. చిల్లు, కుడి చెయ్యి, పాతది. కింద పార్టీ సంతకం అన్నచోట ఆయన సంతకమే. నోరు మూసుకుని డబ్బు కట్టారు.

ఈ లాండ్రీలో చేరి తొమ్మిదేళ్లు. పొద్దున కౌంటర్, మధ్యాహ్నం మరకల టేబుల్. చేరిన రోజు నుంచి నాది ఒకటే పద్ధతి. బట్ట వాళ్ల ముందే విప్పాలి. ఉన్న లోపం వేలు పెట్టి చూపించాలి. రాయాలి. పోతుందో లేదో తెలియని మరకైతే గ్యారంటీ లేదని కూడా రాయాలి. సంతకం తీసుకున్నాకే బట్ట ముట్టుకోవాలి. మూడేళ్ల క్రితం నిదానం కొత్తగా చేరినప్పుడు ఎవరిదో చిరిగిన కర్టెన్ సంతకం లేకుండా తెచ్చాడు. అందరి ముందూ దులిపేశాను. చూపించకుండా తీసుకోవడం, చూపించకుండా ఇవ్వడం రెండూ దొంగతనమే అన్నాను. మర్నాడు చేతికి వాచీ బదులు పెన్ను కట్టుకుని వచ్చాడు, రబ్బరు బ్యాండుతో. అప్పటి నుంచే నాకు ఇష్టం. ఇన్నాళ్లూ రాయలేదు, ఇవాళ రాస్తున్నాను.

జూన్ 8, ఆదివారం

నా సొరుగులో మాత్రల షీటు వదిన కంట పడింది. ఎవరితో ఎక్కడికి చెక్కేస్తున్నావే అని మొదలుపెట్టింది. విషయం చెప్పాక మొహం మారిపోయింది. దగ్గరికి తీసుకుని, పిచ్చిదానా, ఏడు నెలలు నాతో చెప్పకుండా ఎలా ఉన్నావు అంది. అమ్మ మంచాన పడ్డ ఆరేళ్లలో నా సంబంధాలన్నీ వచ్చినవి వచ్చినట్టే తిరిగిపోయాయి. ఆ ఆరేళ్లూ నాతో పాటు అమ్మకి దుప్పట్లు మార్చింది వదినే. ఆవిడ దగ్గర దాచకూడదు. కానీ నిదానం సంగతి మాత్రం దాచాను.

తమాషా ఏమిటంటే వదిన దగ్గరా అవే మాత్రలు. అన్నయ్య ఆఫీసు వాళ్ల టూర్, గురువారం బయల్దేరి ఆదివారం తిరుగు ప్రయాణం. సముద్రంలో దిగాలని సరదా, ఆ తేదీలకే తనకి వస్తుందట. ఆవిడకి రోజుకి మూడు, నాకు రెండు.

రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో ఒకే గ్లాసు నీళ్లతో ఇద్దరం వేసుకున్నాం. నాది ఆగాలి, నీది రావాలి అంది వదిన. మాత్రకెలా తెలుస్తుందే ఎవరికేం కావాలో అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. అన్నయ్య వచ్చి ఏంటని అడిగితే నీళ్లు పొరబోయాయని చెప్పాం.

జూన్ 11, బుధవారం

కడుపు ఉబ్బరం. రొమ్ములు బరువు. ప్రతిదానికీ ఒళ్లు మండుతోంది. ఇస్త్రీ చేసే అక్క కాలర్ మడత తప్పుగా పెట్టిందని అరిచేశాను, తర్వాత టీ పోయించి కాళ్లబేరానికి వచ్చాను.

మధ్యాహ్నం ఉయ్యాల గుడ్డలు వచ్చాయి. పాల కక్కు మరకలు. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, చాలా తేలిక పని. ఉతికేముందు ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు కావాలి. నాకో పిల్ల కావాలి. దానికి అతని మెల్లటి నడక రావాలి, నా నోరు రాకూడదు.

నిదానం చొక్కాకి బొత్తాం ఊడింది. కుట్టిస్తానని చెయ్యి చాచాను. విప్పి ఇవ్వమన్నట్టయింది. ఇద్దరం గోడ వైపు చూశాం.

జూన్ 14, శనివారం

ఆఖరి మాత్ర.

జూన్ 16, సోమవారం

బాత్రూంకి తొమ్మిదిసార్లు వెళ్లాను. ఇస్త్రీ అక్క షుగరేమో చూపించుకో అంది.

జూన్ 17, మంగళవారం

వదినకి వచ్చేసింది. మాత్ర ఆపిన మూడో రోజుకి ఠంచనుగా. నడుము పట్టుకుని, పాడు గోల, దీని దుంప తెగ, ఎప్పటికి వదులుతుందో అని తిట్టుకుంటూ మంచం ఎక్కింది. నన్ను చూసి చటుక్కున ఆపేసింది. సారీ అంది.

వేడినీళ్ల బ్యాగు పెట్టాను. అసూయతో చచ్చిపోయాను. రెండూ ఒకేసారి చేయొచ్చని తెలిసింది.

జూన్ 19, గురువారం

అమ్మాయిల హాస్టల్ దుప్పట్లు. మూడింటి మీద రక్తం. కొత్తగా చేరిన ఆవిడ వేడినీళ్లు పట్టబోతే చెయ్యి పట్టి ఆపాను. వేడి తగిలితే మరక ఉడికి బట్టలో నిలిచిపోతుంది. చన్నీళ్లే పొయ్యాలి, ఓపిగ్గా.

అందులో ఒకటి ఎవరో పద్దెనిమిదేళ్ల పిల్లది. సిగ్గుతో దుప్పటిని నాలుగు మడతలు పెట్టి మూట అడుగున దాచింది. అందులో దాచాల్సిందేం లేదే తల్లీ.

కలలో వచ్చింది. లేచి లైటు వేసి చూసుకున్నాను. తెల్లటి దుప్పటి. తెల్లటి దుప్పటి మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు నాకు.

జూన్ 20, శుక్రవారం

రాలేదు.

మూడింటికి గేటు దగ్గర నిలబడ్డాడు, కొత్త చొక్కాతో. అన్ని బొత్తాలూ ఉన్నాయి. నాకు ఇష్టం లేదండీ అన్నాను. కారణం ఏమైనా ఉందా అన్నాడు. లేదన్నాను. నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా అన్నాడు. లేదన్నాను. సరేనండీ అన్నాడు. ఖాళీ సంచులు మడిచి, లెక్కపెట్టి, నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. సంతకం గీత వంకరపోయింది.

వ్యాన్ మలుపు తిరగడానికి ఎంత సేపు పట్టిందో. ఇవాళైనా కాస్త తొందరగా పోవచ్చుగా.

జూన్ 21, శనివారం

లేదు.

జూన్ 23, సోమవారం, పగలు 11.40

వచ్చింది.

వచ్చింది వచ్చింది వచ్చింది. కౌంటర్లో ఉండగా పొత్తికడుపులో ఆ పాత నొప్పి. పరిగెత్తాను. బాత్రూం తలుపుకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఇస్త్రీ అక్క బయటి నుంచి ఏమైందే అని తలుపు బాదుతోంది. నాకు వచ్చిందక్కా అని అరిచాను. ఇంతోటిదానికి అంత ఏడుపెందుకే అంది.

అదే రోజు, సాయంత్రం

ఇవాళ వ్యాన్ వేరే డ్రైవర్ తెచ్చాడు. హారన్ మీద హారన్. నిదానం బుధవారం గానీ రాడట.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మంచి కబురే అంది. వారం దాటిందని నేను ఆశ వదులుకున్నానంటే, వారమంటే గడియారం పెట్టినట్టు వస్తుందా, కొందరికి పదిపన్నెండు రోజులు పడుతుంది, అడగొచ్చుగా అని కసిరింది. రేపొద్దున బ్లడ్ టెస్టుకి రమ్మంది. వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, వచ్చే నెల దానంతటది వస్తుందో లేదో చూడాలి, పిల్లల సంగతి ఇప్పుడే మాటివ్వలేను అంది.

తొమ్మిదేళ్లుగా నేను కస్టమర్లకి చెప్పే మాటే.

జూన్ 24, మంగళవారం

రక్తం ఇచ్చి వచ్చాను. రిజల్ట్ వారం తర్వాత.

నిన్నటి నుంచి ఒకటే అనుకుంటున్నాను, పరిగెత్తుకెళ్లి ఇప్పుడు ఇష్టమే అని చెప్పేద్దామని. ఎందుకు మనసు మారిందంటే ఏం చెప్పను? ఇవాళ మరకల టేబుల్ దగ్గర నిలబడి ఉంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది. రాలేదని ఏ కారణం చెప్పకుండా మనిషిని పంపేశాను. ఇరవైకల్లా వచ్చి ఉంటే ఏమీ చెప్పకుండా పెళ్లి చేసుకునేదాన్ని. రెండూ దొంగతనమే. చిరిగిన కర్టెన్‌కి అతన్ని అందరి ముందూ దులిపేసినదాన్ని నేనేనా?

చూపించలేదు. రాయలేదు. సంతకం తీసుకోలేదు. వద్దో కావాలో అతని తరఫున కూడా నేనే తేల్చేశాను.

స్లిప్పుల పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. మేనేజర్ చూస్తే చంపేస్తాడు. నాలుగు చించేశాక ఐదోది కుదిరింది. వస్తువు అన్నచోట ఖాళీ వదిలేశాను. నేను దుప్పటిని కాదు.

జూన్ 25, బుధవారం

వచ్చాడు. నన్ను చూసి తల ఊపి మూటలు దించడం మొదలుపెట్టాడు. గడ్డం చేసుకోలేదు. మూటల లెక్క అయ్యాక స్లిప్పు చేతిలో పెట్టాను. ఏం బట్టండీ అన్నాడు. చదివి సంతకం పెట్టండి, పెట్టకపోయినా ఏమీ అనుకోను అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను, అంతే వచ్చింది.

మడిచి జేబులో పెట్టుకున్నాడు. రూట్ అయ్యాక తీరిగ్గా చదువుతానన్నాడు. తీరిగ్గా! మూటలన్నీ ఖాళీ చేసుకుని నలభైలోనే వెళ్లిపోయాడు.

ఈ పూట అన్నం సయించలేదు. వదినకి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. మనిషి మంచివాడేనా అని ఒక్కటే అడిగింది. నేను ఎంతసేపు చెప్పానో, పాలు పొంగిపోయాయి.

అతను కావాలి. పిల్లలు కావాలి. ఒకటి రాకపోయినా రెండోదైనా ఉండాలని కూడా ఉంది. అన్నీ కావాలి నాకు.

జూన్ 26, గురువారం

ఇవాళ మూటలతో పాటు స్లిప్పు తిరిగిచ్చాడు, ఇక్కడ అంటిస్తున్నాను. పై సగం నా రాత. కింది సగం అతనిది, చేతికి కట్టుకున్న ఆ పెన్నుతోనే.

వస్తువు:

లోపం: వయసు ముప్పై ఎనిమిది. ఏడు నెలలు పీరియడ్ రాలేదు. మాత్రలు వేసుకుంటే సోమవారం ఒకసారి వచ్చింది. మళ్లీ వస్తుందో రాదో, పిల్లలు పుడతారో పుట్టరో డాక్టరు కూడా చెప్పలేదు. గ్యారంటీ లేదు. ముందే చూపించాల్సింది, చూపించలేదు. శుక్రవారం ఇష్టం లేదని చెప్పింది అబద్ధం.

పార్టీ రిమార్కు: చూశాను. గ్యారంటీ నేను అడగలేదు. పన్నెండో మూట ఇంకా భుజం మీదే ఉంది.

పార్టీ సంతకం: పెట్టాడు.