కాఫీగింజ మీద ఫిర్యాదు

ఏమండీ,

పాలకి వెళ్లిన మీరు ఇంకా రాలేదు. పాడేరు జీపువాడు హారన్ ఆపడం లేదు, వెళ్లొస్తాను. ఇన్‌కంటాక్స్ రిటర్నుకి ఇవాళే ఆఖరు. ఫారమంతా నేనే నింపి టీవీ మీద పెట్టాను. బేగి సంతకం పెట్టి, పది గంటల బస్సుకి విశాఖ వెళ్తున్న సూర్యనారాయణ మాస్టారి చేతికివ్వండి. పక్కనున్న కవరు అందులో కలపకండి. అది చదరంగం వెబ్‌సైటు వాళ్లకి మీరు రాసిన ఫిర్యాదు. కలిసిపోయిందంటే మీ గుర్రం ఎలా చచ్చిందో ఇన్‌కంటాక్స్ వాళ్లు చదువుకోవాలి.

ఆట మీద మూడు పేజీలు రాశారు, ఫారంలో మూడు గళ్లు నింపడానికి నెల చాలలేదు! నేను వారానికోసారి ఇంటికొస్తే రెండ్రోజులూ మీరు నెట్ సెంటర్లో ఆడే చదరంగం గొడవే: "ఆ కాఫీగింజ అనేవోడు ఏటి మనిసే? ఓడిపోడం కనపడగానే లైను కట్టు సేసీసి పారిపోతన్నాడు!"

భాను

తా.క.: ఆ ఫిర్యాదు కవరు చింపేయండి. కాఫీగింజ నేనే. పారిపోవడం లేదు, ఆరింటికి మా పాడేరు ఆఫీసు వాచ్‌మన్ జనరేటర్ ఆపేస్తాడు. వారమంతా మీతో కూర్చోవడానికి నాకు దొరికేది రోజూ ఆఫీసయ్యాక ఆ ఒక్క గంటే. మొన్న శుక్రవారం వాడు ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే మీ రాజుకే ఆటకట్టు.