మీ వాకిలికి తొమ్మిది వందల మైళ్ళు

కడోకా, సౌత్ డకోటా
జూన్ 9, సోమవారం సాయంత్రం

పెద్దవారు లోవెల్ బావగారికి,

మీ మరదలు ట్వైలా నమస్కరించి రాస్తున్నది. ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయడం మర్యాద. సగం క్షేమమని రాస్తే నిజం. నేను రాయిలా ఉన్నాను. మీ తమ్ముడు వెర్లిన్ మాత్రం ముక్కుకి గొట్టం పెట్టుకుని, పక్క సీట్లో కూర్చుని, నా డ్రైవింగుకి వంకలు పెడుతున్నాడు.

పదకొండేళ్ళ తరవాత ఈ చేతిరాత చూసి మీరు కవరు చింపకుండానే పక్కన పడేస్తారేమోనని భయం ఉంది. పడేసినా సరే, మేం వస్తున్నాం. ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఆకులు రాలే దాకా ఉంటాడో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. అది విని ఇంటికొచ్చి ఆయన అడిగింది ఒకటే. టూ హార్బర్స్ వెళ్ళి అన్నయ్య మొహం ఒకసారి చూసి రావాలి, తలుపు తీయకపోతే ఆ తలుపే చూసి వద్దాం అన్నాడు. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది, ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తులేదు.

విమానం కుదరదన్నారు. దారి పొడుగునా ఆక్సిజన్ సిలిండర్లు అందించడం మా వల్ల కాదన్నాడు సిలిండర్ల కంపెనీ అతను. ఇంట్లో గోడకి ప్లగ్గు పెడితే గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీను ఉంది కానీ, ఇల్లు మోసుకుపోలేం కదా. అప్పుడు తట్టింది నాకు, కరెంటు పికప్పు. దాని వెనక తొట్టిలో ఇంట్లో ఉన్నట్టే ప్లగ్గులుంటాయి. నా డీజిల్ పికప్పు ఇచ్చేసి అది తెచ్చుకున్నాను.

మా బొగ్గు ఊరు గిలెట్‌లో ఎంత నవ్వారో మీరు ఊహించగలరు. ముప్పై ఏళ్ళు బొగ్గు తవ్విన మనిషి కరెంటు బండి ఎక్కడమేంటి, ఇంక మాంసం మానేసి టోఫు కూడా తింటావా అని కాఫీ హోటల్లో ఆయన్ని ఆడుకున్నారు. ఆయన వెళ్ళి, "బొగ్గే మా బువ్వ" అని రాసున్న స్టిక్కరు తెచ్చి బండి వెనక అంటించాడు. నాకైతే ఈ బండి కొత్తేం కాదు. గనిలో ఇరవై ఆరేళ్ళు నేను తోలిన రెండు వందల టన్నుల లారీకి కూడా చక్రాల్లో ఉండేవి కరెంటు మోటార్లే. ఆ మాట చెబితే ఒక్కడూ నమ్మడు.

ఇక ఇవాళ్టి సంగతి. పొద్దున రాపిడ్ సిటీలో ఛార్జింగ్ పెట్టాం. సగం పైన నిండిందో లేదో, చాలు పద పద అని మీ తమ్ముడు ప్రాణం తీశాడు. విన్నాను, తప్పు నాదే. వాల్ అనే ఊరు దాటగానే ఎదురుగాలి పట్టుకుంది. ఈ గాలికి బండి కరెంటు గటగటా తాగేసింది. నూట యాభై మైళ్ళు పోతానన్న బండి, కడోకా చేరేసరికి ఇరవై రెండు మైళ్ళంటోంది. ఇక్కడి ఛార్జింగ్ స్తంభం చూస్తే చచ్చి ఉంది. ఏ కంపెనీదో పేరెందుకు లెండి. తరవాతది నలభై మైళ్ళ అవతల, మర్డోలో.

బండి ఆగితే ఆగుతుంది, లాగించుకుపోవచ్చు. అసలు భయం అది కాదు. బ్యాటరీ బాగా తగ్గితే ఈ బండి చక్రాల కోసం దాచుకుని, ప్లగ్గులకి ముందే కరెంటు ఆపేస్తుంది. ఆపేసింది కూడా. మెషీను గురగుర ఆగిపోయిన క్షణంలో ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అత్యవసరానికని తెచ్చిన చిన్న సిలిండర్లు రెండే. రెండూ కలిపి మూడు గంటలు. ఒకటి తగిలించి, బళ్ళకి తగిలించే ఇళ్ళ ట్రెయిలర్లు కరెంటు పెట్టి నిలుపుకునే క్యాంపు ఒకటి కనిపిస్తే అందులోకి తిప్పాను.

దాన్ని నడిపే మనిషి పేరు మావిస్. చోటు లేదు, అన్నీ నిండిపోయాయి అంటూనే మా నంబరు పలక చూసింది. పదిహేడుతో మొదలైంది, అంటే క్యాంప్‌బెల్ కౌంటీ, బొగ్గు ఊరోళ్ళేగా అంది. అవునన్నాను. స్టిక్కరు చూసి, బండి చూసి, మళ్ళీ స్టిక్కరు చూసి, మీ ఇంట్లో ఎవరిది ఏ పార్టీయో మీరే తేల్చుకోండమ్మా అంది. తరవాత అద్దంలోంచి ఆయన ముక్కు గొట్టం కనిపించినట్టుంది. వెంటనే పంపు షెడ్డు వెనక వాళ్ళ చెల్లెలి ట్రెయిలరు ప్లగ్గు పీకేసి, మా బండిది పెట్టింది. దాని ఫ్రిజ్‌లో ఐస్‌క్రీము కరిగిపోతే కరిగిపోనీ, అసలే లావెక్కింది అంది.

మెషీనుని కూడా అక్కడి ప్లగ్గుకే తగిలించాం. రేపు పొద్దుటికి బండి నిండుతుంది. మావిస్ పంపిన వేయించిన మాంసం ముక్కలు నాలుగు తిని మీ తమ్ముడు పడుకున్నాడు. నేను బల్ల మీద ఇది రాస్తున్నాను. ఛార్జింగుకి ఆగిన ప్రతిచోటా రాస్తాను, వేరే పనేముంది.

జూన్ 10, మంగళవారం మధ్యాహ్నం, సూ ఫాల్స్

ఇవాళ గాలి దయ తలిచింది. మర్డోలో ఒకసారి, మిచెల్‌లో ఒకసారి, ఇప్పుడిక్కడ. ప్రతిచోటా పూర్తిగా నిండే దాకా కదల్లేదు. ఆయన పద పద అంటే, ఒకసారి విన్నందుకు మూడు గంటల ఊపిరి మిగిలింది, ఇంక నోరు మూసుకో అన్నాను. ఈ కరెంటు ఎక్కడిదో నీకు తెలుసా, నేను తవ్విన బొగ్గుదే, నాదే నాకు పోస్తున్నారు అన్నాడు. అలా మూడుసార్లు అన్నాడు. మూడోసారికి నేనూ నవ్వాను.

దారంతా మీ గురించే. ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు మీరు ధాన్యం లారీ తోలడం నేర్పారట. కాళ్ళు అందక, బ్రేకు మీద ఆయన, క్లచ్ మీద మీరు, ఇద్దరూ ఒకే సీట్లో. కంచె విరగ్గొట్టింది ఆయనైతే, నేనే అని మీ నాన్న చేత మీరు దెబ్బలు తిన్నారట. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. మీ ఇంటి మగాళ్ళు చెప్పరు, అడగరు. మీ అమ్మగారి అంత్యక్రియల్లో మీరిద్దరూ చర్చిలో చెరో పక్కన నిలబడి, ఒక్క మాట లేకుండా, ఎవరి కారు వాళ్ళు ఎక్కారు. ఒక్కడు నోరు తెరిచి ఎందుకిలా చేశావని అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

ఇందాక ఇక్కడికి చేరగానే ఆయన ధైర్యం జారిపోయింది. వేలికి తగిలించే యంత్రంలో ఆక్సిజన్ అంకె తగ్గింది, పెదాలు నీలంగా ఉన్నాయి. వెనక్కి తిప్పు ట్వైలా, అన్నయ్య తలుపు తీయడు, ఇంత దూరం వచ్చి పరువు పోగొట్టుకోవడం ఎందుకు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళు లారీని గోతి అంచు దాకా వెనక్కే తోలాను, వెనక్కి పోవడం నాకన్నా బాగా ఎవరికీ రాదు, అయినా ఈ బండి మాత్రం తిప్పను అన్నాను. మెషీను గాలి కాస్త పెంచి, వీపు వెనక దిండు పెట్టి, గంటసేపు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంకె మళ్ళీ ఎక్కింది. ఆసుపత్రికి పోదామా అంటే తల అడ్డంగా ఊపాడు. సరే, ముందుకే.

జూన్ 11, బుధవారం ఉదయం, హింక్లీ, మిన్నెసోటా

ఇంకా నూరు మైళ్ళు. బండి నిండా ఛార్జింగ్ ఉంది. ఇప్పుడు నేను చేయబోయేది చెబుతాను.

ఈ ఉత్తరం తపాలాలో వేస్తే మాకన్నా వెనక చేరుతుంది. అందుకని మీ రోడ్డు చివర ఉన్న ఉత్తరాల డబ్బాలో నా చేత్తోనే పెట్టి, ఉత్తరం పంపాలంటే మీరెత్తే ఆ డబ్బా ఎర్ర జెండా నేనే ఎత్తి వెళతాను. మీరు ఎత్తని జెండా పైకి లేచి ఉంటే మీ కంట పడకపోదు. తపాలా వాళ్ళు తప్పు పట్టకుండా స్టాంపు కూడా అంటించాను. పెట్టేసి మేం ఊళ్ళోకి పోయి గంటన్నర కూర్చుంటాం. తలుపు తీయాలో వద్దో మీరు ఆ గంటన్నరలో తేల్చుకోండి. పన్నెండు కొట్టేసరికి మీ వాకిట్లో ఉంటాం. మీరు ఏం తేల్చుకున్నా ఉంటాం.

ఆయనకి మెట్లెక్కడం కష్టం. కాఫీ ఇస్తే పాలు వద్దు. ఎక్కువ మాట్లాడించకండి, మాట్లాడించకుండా కూర్చోవడం మీకు ఎలాగూ వచ్చు.

మీ ఆరోగ్యం జాగ్రత్త. మీ మోకాలు ఎలా ఉందో తెలుసుకోవాలని ఉంది.

ఇట్లు,
మీ మరదలు
ట్వైలా

తా.క. పైదంతా నిజమే కానీ, రాయాల్సింది ఇంకా రాయలేదు. మీ అమ్మగారు పోయిన రోజు పొద్దున పదకొండింటికి మీరు ఫోన్ చేశారు. ఎత్తింది నేను. అమ్మ వాడి గొంతు ఒక్కసారి వింటానంటోంది, వాణ్ణి లేపు అన్నారు. వెనక ఆవిడ ఊపిరి, ఆయన పేరు పిలవడం కూడా నాకు వినిపించాయి. రాత్రి షిఫ్టు చేసొచ్చి అప్పుడే పడుకున్నాడు, లేవగానే చేయిస్తానన్నాను. మా గనుల ఇళ్ళల్లో రాత్రి పని చేసొచ్చి పడుకున్న మనిషిని ఎవరూ లేపరు. వెలుతురు రాకుండా కిటికీలకి రేకు కాగితం అంటించి, పిల్లల్ని బయటికి తోలి, కుక్క నోరు కూడా మూస్తాం. నిద్ర చాలని మనిషి అంత లారీ తోలితే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. మా షిఫ్టు జట్టులో ఒకడు అలాగే పోయాడు. అందుకే లేపలేదు. సాయంత్రం లేచి అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. ఈలోపు మీరు మళ్ళీ చేశారు, ఆయనే ఎత్తాడు, అమ్మ పోయింది అని రెండు మాటలు చెప్పి పెట్టేశారు. అంతా అయిపోయాకే అన్నయ్య కబురు చేశాడని ఆయన అనుకున్నాడు. చెప్పినా తమ్ముడు ఫోన్ చేయలేదని మీరు అనుకున్నారు. పొద్దుటి ఫోన్ సంగతి తెలిసింది నా ఒక్కదానికే. ఆ రాత్రి చెబుదామనుకున్నాను, అంత్యక్రియలయ్యాక చెబుదామనుకున్నాను, పదకొండేళ్ళయింది.

ఇందాక ఇక్కడ ఛార్జింగ్ పెట్టి ఆయనకి చెప్పాను. కిటికీ అద్దం వైపు తిరిగాడు. అమ్మ నా పేరు అందా అని అడిగాడు. అందన్నాను. ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. తరవాత కళ్ళు తుడుచుకుని, బండి తియ్యి, అన్నయ్యకి తెలియాలి అన్నాడు.

నన్ను మీరు లోపలికి రానివ్వక్కర్లేదు. మీ ఇంటి ప్లగ్గు కూడా నాకు వద్దు. ఆయన మెషీనుకి యాభై అడుగుల తీగ తెచ్చాను, బండి వాకిట్లో ఆపితే మీ అరుగు దాకా వస్తుంది. ఆయన్ని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. నేను బండిలో ఉంటాను.