రద్దు చేసుకునే హక్కు

అత్తమ్మా,

మీరు గుడి నుంచి వచ్చేలోగా నేను ఆఫీసుకు వెళ్లిపోతున్నాను. బీరకాయ కూర మూత కింద ఉంది, చారు వేడి చేసుకోండి. మధ్యాహ్నం జగన్మోహన్ బావ వకీలును వెంటబెట్టుకుని వస్తారు. చాయ్ ఇవ్వండి. సంతకం మాత్రం పెట్టకండి.

ఈ ఇంటిని ట్రస్టులో పెడితే మీ తర్వాత ఎవరూ కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదంటున్నారు. "నచ్చకుంటే ఎప్పుడంటే అప్పుడు రద్దు చేసుకోవచ్చమ్మా, గంతే" అంటున్నారు. ఆయన ఇచ్చిపోయిన కాగితాలు రాత్రి చదివాను. రద్దు చేసే హక్కు మీ మతి స్థిమితంగా ఉన్నంతవరకేనని రాసి ఉంది. లేదని ఒక డాక్టరు రాసిస్తే చాలు, ఇంటి మీద పెత్తనమంతా బావదే.

మొన్న గానసభలో కనబడ్డ ప్రతివాళ్లకూ "అమ్మకు ఈమధ్య ఏం యాదికుంటలేదు" అని ఆయన ఎందుకు చెప్పుకొచ్చారో ఇప్పుడర్థమైంది.

మీకు పెద్దకొడుకు మాట వేదవాక్కు, నా మాట చాడీ. అయినా ఈ ఒక్కసారి వినండి. నేను నారాయణగూడ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగండి.

రాగిణి

స్టవ్ ఆర్పడం ఈ పొద్దు కూడా మరిచిపోయి గుడికి వెళ్లారు. నేనే బంద్ చేశాను. ఆ ముచ్చట బావ ముందు తీయకండి.